విదేశీ విద్యార్థి బృందం మన కాలేజీ అవసరాలు అంచనా వేయడానికి వస్తోందా? తరచుగా అడిగే ప్రశ్నలు

విదేశీ యూనివర్సిటీ విద్యార్థులు సర్వీస్ లెర్నింగ్ కోర్సులో భాగంగా మన డిగ్రీ కాలేజీలకు వచ్చి, అక్కడి అవసరాలు అంచనా వేసి వెళ్లే కార్యక్రమాల మీద ఎప్పుడూ అవే సందేహాలు వస్తుంటాయి. అడిగేది ఎక్కువగా ప్రిన్సిపాళ్లు, ఐక్యూఏసీ (కాలేజీలో నాణ్యత సంగతులు చూసే అంతర్గత విభాగం) కోఆర్డినేటర్లు, ఎన్‌ఎస్‌ఎస్ ప్రోగ్రాం ఆఫీసర్లు. ఆ బృందాలతో పాటు వచ్చే మన తెలుగు పిల్లలూ అడుగుతారు. అందుకే జవాబులన్నీ ఒకచోట పెట్టాం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## ఒప్పుకునే ముందు

ఇంటర్నేషనల్ సర్వీస్ లెర్నింగ్ అంటే ఏంటి? మన ఎన్‌ఎస్‌ఎస్ లాంటిదేనా?

సేవ ఉండటం వరకు రెండూ ఒకటే. 1969లో మొదలైన ఎన్‌ఎస్‌ఎస్‌లో వాలంటీరు ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లలో 240 గంటలు పనిచేస్తాడు. సర్వీస్ లెర్నింగ్‌లో ఆ పని ఒక కోర్సుకు ముడిపడి ఉంటుంది. విద్యార్థికి క్రెడిట్లు వస్తాయి, తను చూసిందాని మీద రాయాలి, ప్రొఫెసర్ మార్కులు వేస్తారు. అంటే వచ్చేవాళ్లకు మీ కాలేజీ ఒక పాఠం కూడా. ఇందులో దాచాల్సింది ఏమీ లేదు. వాళ్లకు ఏం దక్కుతుందో మీకు ముందే తెలిస్తే, బదులుగా మీకేం కావాలో మొహమాటం లేకుండా అడగగలరు.

మా కాలేజీకి ఏం కావాలో మాకు తెలుసు. జాబితా రాసిస్తే సరిపోదా?

జాబితా ఇవ్వండి, కానీ దాన్నే అంచనా అనుకోవద్దు. "ఏం కావాలి?" అని అడిగితే వస్తువుల పేర్లు వస్తాయి: కంప్యూటర్లు, ప్రొజెక్టరు, ఆర్‌ఓ ప్లాంటు. "ఏ పని ఎక్కడ ఆగిపోతోంది?" అని అడిగితేనే అసలు చిక్కు కనిపిస్తుంది. లైబ్రరీకి కొత్త పుస్తకాలు కావాలని రాసిన కాలేజీలో, ఉన్న పుస్తకాలే ఇంటికివ్వకపోవడం అసలు సమస్య కావచ్చు. పుస్తకం పోతే లైబ్రేరియన్ జీతంలో కోస్తారన్న భయం ఉన్నచోట బీరువాలకు తాళాలే ఉంటాయి. ఆ తాళం తీయించే పద్ధతి దొరకనంత వరకు కొత్త పుస్తకాలు కూడా అదే బీరువాలోకి వెళ్తాయి.

ప్రభుత్వ కాలేజీ ప్రిన్సిపాల్ నేరుగా ఎమ్‌ఓయూ (అవగాహన ఒప్పందం) మీద సంతకం పెట్టొచ్చా?

విదేశీ సంస్థతో అయితే వద్దు. ముందు కళాశాల విద్య కమిషనరేట్‌కు రాసి అనుమతి తీసుకోండి, అనుబంధ యూనివర్సిటీకి కూడా తెలియజేయండి. అటానమస్ కాలేజీలైతే గవర్నింగ్ బాడీ తీర్మానం జత చేయాలి. ట్వినింగ్ (చదువులో కొంత భాగం విదేశీ యూనివర్సిటీలో చేయడం), జాయింట్ డిగ్రీ, డ్యూయల్ డిగ్రీలకు యూజీసీ 2022లో వేరే నిబంధనలు తెచ్చింది. మీ ఒప్పందంలో డిగ్రీ ప్రస్తావన లేకపోతే ఆ సంగతి మొదటి పేరాలోనే స్పష్టంగా రాయండి. లేకపోతే ఫైలు అక్కడే ఆగిపోతుంది.

ఒప్పందంలో తప్పకుండా ఉండాల్సిన మాటలు మూడు. సేకరించిన సమాచారం కాలేజీది. నివేదిక ప్రిన్సిపాల్ చదివిన తర్వాతే బయటికి వెళ్తుంది. ఏదైనా పని వద్దనిపిస్తే, కారణం చెప్పకుండానే ఆపే హక్కు కాలేజీకి ఉంటుంది. మూడోది అడగడానికి మనవాళ్లు మొహమాటపడతారు. అది లేని ఒప్పందం మాత్రం ఒప్పుకోవద్దు.

వాళ్లు మే, జూన్‌లలో వస్తామంటున్నారు. సరేననాలా?

అమెరికా యూనివర్సిటీలకు అప్పుడు వేసవి సెలవులు కాబట్టి అలా అడుగుతారు. మన దగ్గర అవి పరీక్షలు, మండే ఎండలు, ఖాళీ తరగతి గదులు. ఖాళీ కాలేజీని చూసి అవసరాలు తేల్చడం కుదరదు. డిసెంబరు చివర నుంచి జనవరి మధ్య వరకు వాళ్లకు మరో విరామం ఉంటుంది. ఆ రోజుల్లో మీ సెమిస్టర్ పరీక్షలు, సంక్రాంతి సెలవులు ఎప్పుడో చూసుకోండి. తరగతులు నిండుగా జరిగే పది రోజులైనా దొరక్కపోతే తేదీలు మార్చమనండి. మీ అకడమిక్ క్యాలెండర్ పంపితే సగం వాదన తగ్గుతుంది.

వచ్చేవాళ్లకు ఏ వీసా కావాలి?

నెల రోజులు మించని, ఎలాంటి ప్రతిఫలం లేని స్వచ్ఛంద పనికి భారత ఈ-టూరిస్ట్ వీసాలో వీలుంది. పరిశోధన కోసం వస్తే వేరే వీసా కావాలి. అందుకే ఆహ్వాన లేఖలో వాడే మాట ముఖ్యం. చేసేది కాలేజీ కోసం అవసరాల అంచనా అయితే అలాగే రాయండి. గొప్పగా ఉంటుందని "రీసెర్చ్ ప్రాజెక్ట్" అని రాసిస్తే ఇబ్బంది వాళ్లకే. హాస్టల్లోనో గెస్ట్ హౌస్‌లోనో దింపితే, దిగిన 24 గంటల్లోగా వాళ్ల వివరాలను విదేశీయుల నమోదు పోర్టల్లో ఎక్కించడం వసతి ఇచ్చినవాళ్ల బాధ్యత. ఈ పనిని ముందే ఒకరికి పేరు పెట్టి అప్పగించండి.

వాళ్లు రాకముందే మేం ఏం సిద్ధం చేయాలి?

కొత్తగా రాయాల్సింది చాలా తక్కువ. ఐక్యూఏసీ ఏటా చేసే ఏక్యూఏఆర్ (వార్షిక నాణ్యత నివేదిక), ఐష్ (దేశవ్యాప్త ఉన్నత విద్య) సర్వేకు పంపిన అంకెలు, గ్రూపులవారీగా మంజూరైన సీట్లు, చేరినవాళ్లు, మూడో ఏడాదికి మిగిలినవాళ్లు, మంజూరైన పోస్టులు, ఖాళీలు, గెస్ట్ ఫ్యాకల్టీ సంఖ్య, గత మూడేళ్ల ఫలితాలు, స్టాక్ రిజిస్టర్ కాపీలు చాలు. వీటిని నెల ముందే పంపితే బృందం మొదటి మూడు రోజులు ఆఫీసు గదిలో కూర్చుని అంకెలు ఎక్కించుకునే పని తప్పుతుంది. విద్యార్థుల పేర్లు, ఫోన్ నంబర్లు, ఆధార్, కుల ధ్రువపత్రాల వివరాలు ఉన్న ఫైళ్లు మాత్రం పంపకండి.

## వచ్చిన తర్వాత

పన్నెండు రోజులే ఉంటారట. అంత తక్కువలో ఏం తెలుస్తుంది?

ఒక కాలేజీ మొత్తం తెలియదు. రెండు మూడు చిక్కులు లోతుగా తెలుస్తాయి, అంతవరకే ఆశించండి. మొదటి రెండు రోజులు ప్రశ్నలేమీ అడగకుండా చూడటానికే ఇవ్వండి: ఉదయం బస్సు దిగే దగ్గర, ల్యాబ్‌లో, మధ్యాహ్న భోజనం వేళ, సాయంత్రం గేటు దగ్గర. తర్వాతి ఐదు రోజులు సర్వేలు, గ్రూపు చర్చలు. రెండు రోజులు లెక్కలు సరిచూసుకోవడానికి, ఒక రోజు అవసరాలకు వరుస కట్టడానికి. పదకొండో రోజు కాలేజీ ముందు చిత్తు ప్రతి చదవాలి, పన్నెండో రోజు దిద్దుబాట్లు. ఆ పదకొండో రోజును సన్మాన సభ మింగేయకుండా చూసుకోండి. శాలువాలు కప్పడానికి అరగంట చాలు.

మా పిల్లలు దుబాసీలుగానే మిగిలిపోతారేమోనని భయం.

ఆ భయం సరైనదే. వచ్చిన ప్రతి విద్యార్థికీ మీ విద్యార్థుల్లో ఒకరిని జతచేయండి. ఇద్దరికీ ఒకే పని, ఒకే శిక్షణ ఇవ్వాలి. నివేదిక మీద ఇద్దరి పేర్లూ పక్కపక్కనే ఉండాలి. ఆంధ్రప్రదేశ్ డిగ్రీ పాఠ్యక్రమంలో 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఉంది. తెలంగాణ ప్రభుత్వ కాలేజీల్లో జిజ్ఞాస స్టడీ ప్రాజెక్టులు ఉన్నాయి. ఈ పనిని వాటి కింద లెక్కించవచ్చేమో మెంటార్ లెక్చరర్‌తో ముందే మాట్లాడి పెట్టండి. పని అయ్యాక అడిగితే చూపించడానికి రోజువారీ పని రాసుకున్న లాగ్‌బుక్ ఉండదు.

ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్లనే ఎంచుకుంటే ఎప్పుడూ ఒకే రకం పిల్లలు ముందుకొస్తారు. ఇద్దరికి ఒకరు చొప్పున తర్జుమాకు సాయం పెట్టి, ఊళ్ల నుంచి పల్లెవెలుగు బస్సులో వచ్చే పిల్లలకూ చోటివ్వండి. కాలేజీలో ఏది ఎందుకు ఆగిందో వాళ్లకే ఎక్కువ తెలుసు.

ఎవరెవరితో మాట్లాడాలి? ప్రిన్సిపాల్, హెచ్‌ఓడీలు చాలరా?

చాలరు. ల్యాబ్ అటెండరు, రికార్డ్ అసిస్టెంటు, క్యాంటీన్ నడిపే ఆమె, వాచ్‌మన్, హాస్టల్ వార్డెన్, గంటల లెక్కన వచ్చే గెస్ట్ లెక్చరర్లు, చదువు మధ్యలో మానేసిన ఇద్దరు ముగ్గురు, ఊళ్లో ఉన్న పూర్వ విద్యార్థులు, వీళ్లందరూ లెక్కలోకి రావాలి. మానేసినవాళ్లను వెతికి పట్టుకోవడం కష్టం. వాళ్ల స్నేహితులు ఇంకా కాలేజీలోనే ఉంటారు, వాళ్లను అడిగితే దారి దొరుకుతుంది.

పిలుపుల సంగతి బయటివాళ్లకు ముందే చెప్పండి. వాళ్ల యూనివర్సిటీలో ప్రొఫెసర్‌ని పేరు పెట్టి పిలవడం మామూలే కావచ్చు. ఇక్కడ సార్, మేడమ్ అనే పిలవాలి. అటెండరును "అన్నా" అనీ, క్యాంటీన్‌లో "అక్కా" అనీ పిలిచి, పని లేని వేళ పక్కన కూర్చుని మాట్లాడితే సంగతులు వాటంతట అవే వస్తాయి. నోట్‌బుక్ చేతపట్టి ఎదురుగా నిలబడితే "అంతా బాగానే ఉంది" అనే మాట తప్ప ఏదీ రాదు.

## అడగడం, లెక్క తీయడం

ఎంతమందికి ప్రశ్నపత్రం ఇస్తే సరిపోతుంది?

600 మంది ఉన్న కాలేజీలో అయిదు శాతం తేడాతో అంచనా కావాలంటే 240 మంది, పది శాతం తేడా పర్వాలేదంటే 86 మంది చాలు. లెక్క సులువు: మొత్తం సంఖ్యను, ఒకటికి ఆ సంఖ్యనూ తేడా వర్గాన్నీ గుణించి కలిపినదానితో భాగించాలి. అయిదు శాతం అంటే 0.05, దాని వర్గాన్ని 600తో గుణిస్తే 1.5, ఒకటి కలిపితే 2.5. 600ను 2.5తో భాగిస్తే 240. అయితే ఆ రోజు తరగతిలో ఉన్న 240 మందిని పట్టుకుంటే లెక్క తప్పుతుంది. హాజరు తక్కువ ఉన్నవాళ్ల కష్టాలే మీరు వెతుకుతున్నవి. సంవత్సరం, గ్రూపు, అమ్మాయిలు-అబ్బాయిలు, హాస్టల్-ఇల్లు అని విడదీసి, హాజరు పట్టీ నుంచి రోల్ నంబర్లు తీయండి. రానివాళ్లకు ఫోన్ చేసి అడిగే పని కాలేజీ విద్యార్థులే చేయాలి.

ఏది అడిగినా అందరూ "అవును" అంటున్నారు. ప్రశ్నలు ఎలా రాయాలి?

"మీకు కంప్యూటర్ ల్యాబ్ అవసరమా?" అంటే కాదనేవాళ్లు ఎవరుంటారు? జరిగినదాన్ని అడగండి. "పోయిన వారం ల్యాబ్‌లో ఎన్ని గంటలు కూర్చున్నారు? ఒక్క గంట కూడా కూర్చోకపోతే ఆ రోజు ఏం జరిగింది?" ఇలాంటి ప్రశ్నలు పదిహేను దాటకూడదు. ముందు తెలుగులో రాసి తర్వాత ఇంగ్లిష్‌లోకి మార్చండి. ఇంగ్లిష్ ప్రశ్నను మక్కికి మక్కి దించితే "సౌకర్యాల పట్ల మీ సంతృప్తి స్థాయి" లాంటి వాక్యాలు వస్తాయి. వాటికి పిల్లలు మధ్య గడిలో టిక్కు పెట్టి లేచిపోతారు. పదిమంది చేత చదివించి, ఏ ప్రశ్న దగ్గర పెన్ను ఆగుతోందో చూసి దిద్దుకోండి. ఉర్దూ మాతృభాష అయిన పిల్లలు ఉంటే వాళ్లలో ఇద్దరినైనా ఆ పదిమందిలో కలపండి.

గ్రూపు చర్చల్లో అమ్మాయిలు నోరు విప్పట్లేదు.

విడిగా కూర్చోబెట్టండి. ఆరుగురు నుంచి ఎనిమిది మంది, నడిపేది అమ్మాయే, గదిలో లెక్చరర్లు వద్దు, గంట దాటొద్దు. మూడున్నర తర్వాత పెట్టకండి, బస్సు తప్పుతుందన్న ధ్యాసలో ఎవరూ మాట్లాడరు. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఆర్టీసీలో మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చింది. డబ్బు బాధ తగ్గింది సరే, బస్సులో చోటు, బస్సు వేళలు ఎలా ఉన్నాయో తప్పక అడగండి.

టాయిలెట్ల గురించి "ఉన్నాయా?" అని కాకుండా, "నీళ్లు ఎన్ని గంటలకు అయిపోతాయి, తాళం ఎవరి దగ్గర ఉంటుంది, నెలసరి రోజుల్లో కాలేజీకి వస్తున్నారా?" అని అడగాలి. వేధింపుల మాట వస్తే అక్కడే చర్చ ఆపండి. పేరు, సంగతి సర్వే కాగితం మీద రాయకుండా, ఆ అమ్మాయి ఒప్పుకుంటే కాలేజీ అంతర్గత ఫిర్యాదుల కమిటీ దగ్గరికి తోడు వెళ్లండి. దాన్ని నివేదికకు సరుకుగా వాడకూడదు.

విద్యార్థుల అనుమతి కాగితాలు నిజంగా అవసరమా?

అవసరమే. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం లెక్కలో 18 ఏళ్లు నిండనివాళ్లు పిల్లలు. డిగ్రీ మొదటి ఏడాదిలో పదిహేడేళ్లవాళ్లు ఉంటారు, వాళ్ల విషయంలో తల్లిదండ్రుల అనుమతి తీసుకోండి. అనుమతి పత్రం తెలుగులో ఒక పేజీ చాలు: ఎందుకు అడుగుతున్నారు, ఎవరు చదువుతారు, ఎప్పుడు చెరిపేస్తారు, వద్దంటే మార్కులకు నష్టం లేదు. ఫలితాలను పరిశోధన వ్యాసంగా వేయాలనుకుంటే, వాళ్ల యూనివర్సిటీ నైతిక సమీక్ష బోర్డు ఆమోదం బయలుదేరకముందే రావాలి. ఫోటోలకు అనుమతి వేరుగా అడగండి. చిరిగిన బెంచీ మీద కూర్చున్న పిల్ల ఫోటో ఎక్కడో విరాళాల పోస్టరు మీద తేలడం ఏ ఇంటివాళ్లకూ ఇష్టం ఉండదు.

లెక్చరర్లు ఒకటి చెబుతున్నారు, పిల్లలు ఇంకొకటి. ఏది అసలైన అవసరం?

రెండూ అసలైనవే, రకాలు వేరు. బ్రిటన్‌కు చెందిన జొనాథన్ బ్రాడ్‌షా 1972లో అవసరాలను నాలుగుగా విడదీశారు. నిపుణుల ప్రమాణాన్ని బట్టి లోటు అనేది ఒకటి. మనిషి మనసులో అనిపించేది రెండోది. నోరు తెరిచో, వరుసలో నిలబడో అడిగేది మూడోది. పక్కవాళ్లకు ఉండి మనకు లేనిది నాలుగోది. లెక్చరరు ఎక్కువగా మొదటి దాన్ని, విద్యార్థి రెండోదాన్ని చెబుతారు. నాలుగు గడులు గీసి, ప్రతి అవసరం ఏ గడిలో పడుతుందో రాసి చూడండి. ఒకేసారి మూడు గానీ నాలుగు గానీ గడుల్లో పడేవాటిని ముందు పట్టుకోండి.

వరుస కట్టడానికి చింతగింజలు బాగా పనికొస్తాయి. ఎనిమిది అవసరాలను ఎనిమిది కాగితాల మీద పెద్దగా రాసి నేల మీద పరవండి. ఒక్కొక్కరికీ పది గింజలు ఇచ్చి, ముఖ్యమనుకున్న చోట ఎన్ని కావాలంటే అన్ని పెట్టమనండి. లెక్చరర్లు, అమ్మాయిలు, అబ్బాయిలు, ఆఫీసు సిబ్బంది విడివిడిగా చేయాలి, ఒకరి కుప్పలు ఇంకొకరు చూడకూడదు. తర్వాత నాలుగు ఫోటోలూ పక్కపక్కన పెట్టండి. లెక్చరర్ల కుప్పలో స్మార్ట్ బోర్డు మీద గింజలు గుట్టగా ఉండి, అమ్మాయిల కుప్పలో సాయంత్రం బస్సు మీద ఉంటే, ఆ తేడా గురించి మాట్లాడటానికి అంతకంటే మంచి మొదలు ఉండదు. సగటు తీసి ఒకే వరుస చేసేయకండి. సగటులో ఆ తేడానే మాయమైపోతుంది.

"40 కంప్యూటర్లు కావాలి" అని మేం రాశాం. దాన్ని వాళ్లెలా పరీక్షిస్తారు?

ల్యాబ్‌లోకి వెళ్లి కూర్చుని. ఉదాహరణకు 30 కంప్యూటర్లున్న ల్యాబ్‌లో 20 పనిచేస్తున్నాయి, వాడాల్సిన పిల్లలు 180 మంది, ఒక్కొక్కరికి వారానికి రెండు గంటలు కావాలి అనుకుందాం. 20 మంది చొప్పున 9 బ్యాచ్‌లు, మొత్తం 18 గంటలు. టైంటేబుల్ ప్రకారం ల్యాబ్ 36 గంటలు తెరిచి ఉండాలి. వారం రోజులు తలుపు పక్కన కాగితం పెట్టి, తెరిచిన వేళ, మూసిన వేళ రాస్తే 14 గంటలే తేలింది. ఎందుకంటే తాళం ఇన్‌ఛార్జి లెక్చరరు దగ్గరే ఉంటుంది, ఆయన క్లాసుకు వెళ్తే ల్యాబ్ మూతపడుతుంది. పాడైన పది బాగుచేయిస్తే 6 బ్యాచ్‌లు, 12 గంటలు సరిపోతాయి. లేదా రెండో తాళంచెవి ఒకటి చేయించి, సీనియర్ విద్యార్థికి వారానికి నాలుగు గంటల బాధ్యత ఇస్తే సరిపోతుంది. ఒక్క కంప్యూటర్ కొనే అవసరం లేదు.

పాడైనవాటిని ఒక్కొక్కటిగా ఆన్ చేసి చూడాలి. "నెట్ రావట్లేదు" అని మూలన పెట్టినదాన్ని ఆన్ చేస్తే గడియారం ఎన్నో ఏళ్ల వెనకటి తేదీ చూపించవచ్చు. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత సీఆర్ 2032 బ్యాటరీ చచ్చిపోయింది. తేదీ తప్పుగా ఉంటే సురక్షిత వెబ్‌సైట్లు తెరుచుకోవు, అందరూ నెట్ పోయిందనుకుంటారు. బ్యాటరీ మారిస్తే ఆ కంప్యూటర్ లేచి కూర్చుంటుంది. యూపీఎస్ బ్యాటరీలు చివరిసారి ఎప్పుడు మార్చారో కూడా రాసుకోండి. కరెంటు పోగానే ల్యాబ్ మొత్తం ఆరిపోతే అవే కారణం కావచ్చు.

## నివేదిక, ఆ తర్వాత

వాళ్ల యూనివర్సిటీలో పాత ల్యాబ్ పరికరాలున్నాయి, పంపిస్తామంటున్నారు. తీసుకోవచ్చా?

అమెరికా నుంచైతే ముందు పరికరం వెనక అతికించిన పట్టీ ఫోటో అడగండి. అక్కడి కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మనది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. "100-240 వోల్టులు, 50/60 హెర్ట్జ్" అని రాసి ఉంటే ఇబ్బంది లేదు. మోటారుతో నడిచేవాటితోనే చిక్కు. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని మారుస్తుంది కానీ హెర్ట్జ్‌ని మార్చదు. 60 హెర్ట్జ్ ఇండక్షన్ మోటారు ఇక్కడ ఆరింట అయిదు వంతుల వేగంతోనే తిరుగుతుంది, వేడెక్కుతుంది. సెంట్రిఫ్యూజ్ (ద్రవాన్ని వేగంగా తిప్పి అందులోవి వేరుచేసే యంత్రం) అయితే వేగం అంత తగ్గినప్పుడు బలం దాదాపు 69 శాతానికి పడిపోతుంది, ప్రయోగం ఫలితం తప్పుతుంది. విడిభాగాలు, మార్చాల్సిన ల్యాంపులు హైదరాబాద్‌లోనో విజయవాడలోనో దొరుకుతాయా, కస్టమ్స్ సుంకం ఎవరు కడతారు, ఈ రెండింటికీ రాతపూర్వకంగా జవాబు రానిదే ఒప్పుకోవద్దు. స్టాక్ రిజిస్టర్‌లోకి ఎక్కిన పరికరాన్ని తీసేయడం, తెచ్చుకోవడం కన్నా కష్టం.

అమెరికాలో ఉన్న మా పూర్వ విద్యార్థులు డబ్బు పంపుతామంటున్నారు. విదేశీ విరాళం కిందికి వస్తుందా?

పంపేవాళ్ల పౌరసత్వాన్ని బట్టి ఉంటుంది. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్‌ఆర్‌ఐ తన సొంత పొదుపు నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు, ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివాళ్లకు ఇచ్చేది) ఉన్నా సరే, పంపితే విదేశీ విరాళమే. అక్కడి తెలుగు సంఘం ఖాతా నుంచి వచ్చినా అంతే. అప్పుడు ట్రస్టు, సొసైటీ నడిపే కాలేజీకి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు న్యూఢిల్లీ ఎస్‌బీఐ ప్రధాన శాఖలోని ఖాతాకే రావాలి, వేరే సంస్థకు బదిలీ చేయకూడదు. పరికరాలు కూడా విరాళం కిందికే వస్తాయి. ప్రభుత్వ కాలేజీలు కమిషనరేట్ ద్వారానే వెళ్లాలి. ప్రిన్సిపాల్ వ్యక్తిగత ఖాతాలోకి ఒక్క రూపాయి కూడా రానివ్వకండి.

లోపాలన్నీ బయటపెడితే నాక్‌లో (కాలేజీల నాణ్యతను మదింపు చేసే జాతీయ సంస్థ దగ్గర) దెబ్బ తగలదా?

నివేదిక కాలేజీ చేతిలో ఉన్నంతవరకు తగలదు. పైగా విద్యార్థుల అభిప్రాయాలు తీసుకుని, చర్చించి, ఏం చేశారో చూపించడం నాక్ అడిగేదే. ప్రతి లోపం పక్కన తేదీ, తీసుకున్న చర్య రాసి ఐక్యూఏసీ సమావేశం మినిట్స్‌లో ఎక్కించండి.

అసలు సమస్య ఖాళీ పోస్టులే. అది వాళ్లూ తీర్చలేరు, మేమూ తీర్చలేం. మరి రాయడం ఎందుకు?

రాయాలి, అదీ మొదటి పేజీలో. తీర్చలేనిదాన్ని వదిలేసి తీర్చగలిగినవే రాస్తే, నివేదిక చదివినవాళ్లకు కాలేజీ జబ్బు రంగు వెలిసిన గోడలే అనిపిస్తుంది. ఏ సబ్జెక్టులో ఎన్ని పోస్టులు, ఎన్నేళ్లుగా ఖాళీ, ఏ పేపరు ఎవరు చెబుతున్నారు, ఆ పేపర్లో ఎంతమంది తప్పుతున్నారు అని ఒకే పట్టికలో పెడితే, ప్రిన్సిపాల్ కమిషనరేట్‌కు రాసే లేఖకు బలం వస్తుంది. బృందం పని ఆ పట్టికను సరిగ్గా తయారుచేయడం. గెస్ట్ లెక్చరర్ల పేర్లు మాత్రం అందులో రాయకూడదు. వాళ్ల ఉద్యోగం ఏటా రెన్యువల్ మీద నడుస్తుంది.

ఫోటోలు దిగి, నివేదిక పంపుతామని వెళ్లిపోతారు. మళ్లీ జాడ ఉండదు. ఏం చేయాలి?

నివేదిక వెళ్లాక రాసేది కాకుండా చూసుకోండి. వెళ్లేముందే తెలుగులో రెండు పేజీల సారాంశం నోటీసు బోర్డు మీద ఉండాలి, జవాబులిచ్చిన పిల్లలందరూ చదువుకునేలా. పూర్తి నివేదికకు 30 రోజుల గడువు ఒప్పందంలోనే రాయించండి. అంచనాలో తేలిన మూడు పనులకు అటు ఒక పేరు, ఇటు ఒక పేరు పెట్టి, మూడు నెలలయ్యాక ఒకటి, ఆరు నెలలయ్యాక ఒకటి వీడియో కాల్ తేదీలు ముందే ఖాయం చేయండి. మన రాత్రి ఏడున్నర అమెరికా తూర్పు తీరంలో ఉదయం తొమ్మిది లేదా పది, ఇద్దరికీ వీలవుతుంది. విద్యార్థులు ఏటా మారిపోతారు కాబట్టి అటు పేరు ప్రొఫెసర్‌ది ఉండాలి. ఇటు ప్రిన్సిపాల్ బదిలీ కావచ్చు, అందుకని ఐక్యూఏసీ కోఆర్డినేటర్‌తో పాటు బదిలీ అవకాశం తక్కువ ఉన్న మరొకరి పేరు రాయండి. రెండో ఏడాది కొత్త బృందం వస్తామంటే, పోయినసారి ఒప్పుకున్న మూడు పనులు ఎంతవరకు వచ్చాయో ముందు రాసి పంపమనండి. ఆ కాగితం వచ్చాకే ఆహ్వాన లేఖ ఇవ్వండి.